దీవిలో ఇంటికి తాళం వేసి ఆరేడు నెలలు తిరుపతిలో ఉండాలి. వెళ్ళేముందు ఏమేం చూసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పులికాట్ సరస్సులోని ఇరకం దీవిలో సొంత ఇల్లు. స్లాబు వేసి పదకొండేళ్ళయింది, వెనక తాటాకు వంటపాక ఉంది. అమ్మకు తిరుపతిలోని ఆసుపత్రి స్విమ్స్‌లో కీమోథెరపీ, ఆ తర్వాత రేడియేషన్, అంతా కలిపి ఆరేడు నెలలు పడుతుందన్నారు. అమ్మానాన్నలు, మీరిద్దరు, పిల్లలు ఇద్దరు తిరుపతిలో అద్దెకు ఉండాలనుకుంటున్నారు. నవంబరు మొదటి వారంలో బయలుదేరి ఎండాకాలానికి తిరిగి రావాలని ఆలోచన. కిటికీలకు చెక్కలు కొట్టి, తలుపులకు గట్టి తాళాలు వేస్తే చాలా, ఇంకేమైనా చేయాలా అని అడిగారు. నాన్న మాత్రం రానంటున్నారని చివర్లో ఒక్క వాక్యం రాశారు. దాని సంగతి నేనూ చివరికే ఉంచుతాను.

నేరుగా చెప్పాలంటే, చాలదు. కిటికీలకు చెక్కలు కొట్టకండి. తాళంచెవి దీవిలోనే ఒక మనిషి చేతిలో పెట్టి, వారానికోసారి ఇల్లు తెరిపించండి. బయలుదేరడం నవంబరులో వద్దు, అక్టోబరు రెండో వారం దాటనివ్వకండి. ఈ మూడూ చేస్తే మిగతావాటిలో ఒకటి రెండు మరిచిపోయినా పెద్ద నష్టం ఉండదు.

నేను తాపీమేస్త్రిని. పులికాట్ ఒడ్డు ఊళ్ళలోనూ దీవుల్లోనూ ముప్పై ఏళ్ళకు పైగా పని చేశాను. కట్టిన ఇళ్ళకంటే బాగుచేసినవే ఎక్కువ. నెలల తరబడి మూసిన ఇళ్ళను తెరవడానికి నన్నే పిలిచేవారు, ఎందుకంటే సగం ఇళ్ళలో తాళం రాదు, మిగతా సగంలో తలుపు రాదు. ఆరేళ్ళ క్రితం నా భార్యకు కూడా మీ అమ్మగారి జబ్బే వచ్చింది. అప్పుడు మేమూ సరస్సు ఒడ్డున ఇంటికి తాళం వేసి తిరుపతి వచ్చాం. ఆమె ఇప్పుడు బాగుంది. కొర్లగుంటలో మా అమ్మాయి ఇంట్లో నా పక్కనే కూర్చుని, నేను రాస్తున్నదాంట్లో తప్పులు వెతుకుతోంది.

ముందు కిటికీల సంగతి. దీవిలో ఇంటికి దొంగ భయం తక్కువ. బీరువా ఎత్తుకెళ్ళినవాడు కూడా రేవులో పదిమంది చూస్తుండగా పడవ ఎక్కాల్సిందే కదా. మన ఇళ్ళను తినేది ఉప్పుగాలి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు దానంతటదే నీళ్ళు పీల్చుకుంటుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు జాడీ చెమర్చడం చూసే ఉంటారు. గోడల్లో, మంచాల్లో, బట్టల్లో, తలుపు బందుల్లో చేరిన ఉప్పు కూడా అదే పని చేస్తుంది. మనుషులు తిరుగుతూ, పొయ్యి వెలుగుతూ, తలుపులు తెరుచుకుంటూ ఉంటే ఆ చెమ్మ రోజుకింత బయటికి పోతుంది. చెక్కలు కొట్టి బిగించిన ఇంట్లో అది ఎక్కడికీ పోదు.

2023లో ఒక కుటుంబం కూతురి కాన్పు కోసం చెన్నై వెళ్ళింది. మీరు అనుకుంటున్నట్టే కిటికీలు బిగించి, సందుల్లో పాత గుడ్డలు కూడా కుక్కి వెళ్ళారు. డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది. అది తీరం దాటింది బాపట్ల దగ్గరే అయినా వాన మన మీదా కురిసింది. ఫిబ్రవరిలో తిరిగి వచ్చి తలుపు తీయలేక నన్ను పిలిచారు. తాళంకప్ప తుప్పు పట్టి ఒకే ముద్దయిపోయింది. రంపం బ్లేడుతో కోశాను. లోపల గోడల మీద నడుము ఎత్తు వరకు నల్లటి బూజు. బీరువాలో ఆ ఇంటావిడ పెళ్ళిచీర జరీ నల్లబడి, మడత విప్పగానే మడత వెంబడే చిరిగింది. ఆవిడ ఏమీ అనలేదు, మళ్ళీ మడిచి లోపల పెట్టేసింది.

అసలు నష్టం పైన జరిగింది. స్లాబు లోపలి వైపు పెచ్చులూడి చువ్వలు కనిపిస్తున్నాయి. నిచ్చెన వేసుకుని పైకెక్కితే పిట్టగోడల మధ్య ఇంకా చీలమండ లోతు నీళ్ళున్నాయి. నీళ్ళు పోయే తూములో చిన్నపిల్లల రబ్బరు చెప్పు ఇరుక్కుంది. ఎడమకాలిది. దాని వెనక వేపాకు, కాకి గూటి పుల్లలు, మట్టి చేరి గట్టిగా దిమ్మెలా తయారైంది. రెండు నెలలు ఆ నీళ్ళన్నీ స్లాబు మీదే నిలిచాయి. లోపలికి దిగిన నీటికి, ఉప్పుకు చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి ముందున్నదానికి రెండింతలకు పైగా చోటు అడుగుతుంది. ఆ చోటు కోసం కాంక్రీటును బయటికి తోస్తుంది. పెచ్చులూడటమంటే అదే. పైన సిమెంటు పూసినంత మాత్రాన అది ఆగదు, చువ్వ వరకు చెక్కి, తుప్పు గీకి, మళ్ళీ కట్టాలి. ఆ ఇంటికి నలభై రోజులు పట్టింది. సిమెంటు, ఇసుక అన్నీ పడవ మీద రావాల్సినవే కాబట్టి ఖర్చు మీరే ఊహించుకోండి.

అందుకే బయలుదేరే వారం ముందు మొదటి పని మిద్దె మీద. ఊడవండి. ఒక్కొక్క తూములో బిందెడు నీళ్ళు పోసి కింద ధారగా పడుతున్నాయో లేదో కళ్ళతో చూడండి. బొట్లుబొట్లుగా పడితే లోపల ఏదో ఉన్నట్టే. తూము నోటికి ఇనప వల పెట్టకండి, ఆరు నెలల్లో తుప్పై అదే అడ్డం పడుతుంది. పాత నైలాను వలముక్కను ఉండలా చుట్టి వదులుగా పెడితే ఆకు ఆగుతుంది, నీరు పోతుంది. స్లాబు మీదికి వంగిన కొమ్మలు కొట్టించండి. పగుళ్ళుంటే ఇప్పుడే పూడ్పించండి. కొంతమంది స్లాబు మీద టార్పాలిన్ పట్టా పరిచి ఇటుకలు పెట్టి వెళ్తారు. మొదటి పెద్దగాలికి పట్టా లేచిపోతుంది, ఇటుకలు పక్కింటి రేకుల మీద పడతాయి. ఆ తగువు మీరు తిరిగి వచ్చేదాకా పాతబడదు.

తాటాకు పాక గురించి మాత్రం ఆశ పెట్టుకోకండి. ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అక్టోబరు మూడో వారంలో మొదలవుతాయి. నవంబరు, డిసెంబరుల్లో మన తీరానికి ఏటా ఏదో ఒక వాయుగుండం గండం ఉంటుంది. పైన కొబ్బరితాళ్ళు అడ్డంగా వేసి గుంజలకు బిగించండి. లోపల మాత్రం ఒక్క వస్తువు కూడా ఉంచకుండా, ఆ పాక పోయిందనే లెక్క వేసుకుని వెళ్ళండి. తిరిగొచ్చేసరికి నిలిచి ఉంటే లాభమే.

ఇక ప్రయాణం తేదీ. పులికాట్ లోతు తక్కువ సరస్సు, చాలాచోట్ల మనిషి నిలబడేంతే. అలాంటి నీళ్ళలో గాలి లేస్తే అల చాలా త్వరగా లేస్తుంది. ఇది మీకు నేను చెప్పాల్సిన పని లేదు, నాకంటే మీకే బాగా తెలుసు. కానీ నవంబరులో రెండు మూడు రోజులు పడవలు ఆగితే మీ అమ్మగారి తేదీ తప్పుతుంది, అది నేను చెప్పాలి. చికిత్స మొదలయ్యేది నవంబరులో అన్నారు కదా, ఎలాగూ పరీక్షలు ముందే చేస్తారు. అక్టోబరు పదో తేదీ ప్రాంతంలో గాలి లేని ఒక ఉదయం చూసుకోండి. మనుషులు ఒక పడవలో, సామాను ఇంకో పడవలో, వీలైతే వేర్వేరు రోజుల్లో. మంచాలు, మూటలు ఎక్కించిన పడవలో పెద్దావిడకు ఒరిగి పడుకునే చోటు ఉండదు. భీములవారిపాళెం రేవులో దిగాక ఆటో దొరికే వరకు కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ కుర్చీ కూడా పడవలో వేసుకోండి. రేవులో దొరుకుతుందిలే అనుకుని నేను వేసుకోలేదు. నా భార్య అరగంట సేపు బియ్యం మూట మీద కూర్చుంది. ఆ సంగతి ఇప్పటికీ గుర్తుచేస్తుంది, ఇప్పుడు కూడా చేసింది.

రేవు నుంచి తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట, అక్కడ మలుపు తిరిగి శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి. బస్సులు దొరుకుతాయి. అయినా మొదటిసారి సామానుతో వెళ్ళేటప్పుడు చిన్న వ్యాను మాట్లాడుకోవడమే సుఖం.

కాగితాలు సామాను మూటల్లో పెట్టకండి. ఆధార్, రైస్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఇంటి పట్టా, అమ్మగారి పాత రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు అన్నీ మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ఒకరు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. ముందే ప్రతి కాగితాన్నీ ఫోనులో ఫోటో తీసి, బంధువులు ఒకరికి పంపి ఉంచండి. రేషను గురించి కంగారు అక్కర్లేదు, కార్డు ఎక్కడిదైనా రాష్ట్రంలో ఏ చౌకదుకాణంలోనైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. ఇంట్లో అందరి ఈకేవైసీ (వేలిముద్రతో ఆధార్ సరిచూడటం) పూర్తయిందో లేదో మాత్రం ఇప్పుడే చూసుకోండి. పింఛను విషయం అలా కాదు. నాన్నగారికి ఒకటో తేదీన ఇంటి దగ్గర ఇస్తుంటే, ఒకటి రెండు నెలలు తీసుకోకపోయినా తర్వాత కలిపి ఇస్తారు గానీ, వరసగా మూడు నెలలు తీసుకోకపోతే ఊరు వదిలి వెళ్ళిపోయినట్టు లెక్కకట్టి ఆపేస్తారు. గ్రామ సచివాలయంలో అడిగి తిరుపతికి బదిలీ పెట్టించుకోండి, లేదా మీతో పాటు ఆయనా నడుమ నడుమ ఊరికి వచ్చేలా చూసుకోండి. ఓటు, ఆధార్ చిరునామా మార్చవద్దు. కొన్నాళ్ళు ఊళ్ళో లేనంత మాత్రాన మీరు ఆ ఊరివాళ్ళు కాకుండా పోరు.

పిల్లల బడి గురించి మీరు పెద్దగా రాయలేదు. టీసీ తీసుకునే ముందు హెడ్మాస్టరుతో మాట్లాడండి. పదో తరగతి పిల్లలుంటే ఏడాది మధ్యలో కదపకపోవడమే మేలు. అంతకు మించి నాకు తెలిసిన విషయం కాదు.

ఇంటి లోపలి పనులకు వస్తే, నేను చూసిన పొరపాట్లను బట్టి చెబుతాను, వరస పట్టించుకోకండి.

తినే వస్తువు ఒక్కటి కూడా ఉంచకండి. ముఖ్యంగా ఎండుచేపలు, ఎండురొయ్యలు. వేనాడు దీవి వైపు ఒక ఇంట్లో అటక మీద ఎండురొయ్యల సంచి మరిచిపోయి వెళ్ళారు. దానికి ఎలుకలు వచ్చాయి, ఎలుకల కోసం పాము వచ్చింది. నేను అటక మీద చెయ్యి పెట్టబోతుంటే పాము కుబుసం చేతికి తగిలింది. ఆ రోజు నుంచి కర్రతో తట్టనిదే ఏ అటకనూ ముట్టుకోను. బియ్యం, పప్పులు పంచేయండి, లేదా వెంట తెచ్చుకోండి. ఊరగాయ జాడీలు తప్పకుండా తెచ్చుకోండి. కీమో రోజుల్లో నోరు చేదెక్కినప్పుడు నా భార్య గొంతులోకి దిగింది ఇంటి నిమ్మకాయ ఊరగాయతో కలిపిన నాలుగు ముద్దలే. అయితే అది కూడా డాక్టరును అడిగాకే పెట్టండి, నోట్లో పుండ్లు లేస్తే కారం పనికిరాదు.

ఫ్రిజ్ ఖాళీ చేసి, తుడిచి, తలుపు మధ్య కర్రముక్క పెట్టి తెరిచే ఉంచండి. మూసి ఉంచితే లోపలంతా బూజు పట్టి రబ్బరు పట్టీ పాడవుతుంది. మెయిన్ స్విచ్ కట్టేయండి. కరెంటు బిల్లు వాడకం లేకపోయినా కొంత వస్తుంది, ఫోనులో నెలనెలా కట్టేయండి. గ్యాసు బండకు రెగ్యులేటరు తీసి మూత బిగించండి. ఆ బండను మూసిన గదిలో పెట్టకండి.

మరుగుదొడ్డి గురించి ఎవరూ ఆలోచించరు. బేసిన్ గొంతులో నిలిచే నీళ్ళే సెప్టిక్ తొట్టి వాసనను, పురుగులను ఆపుతాయి. నెల రెండు నెలల్లో ఆ నీళ్ళు ఆవిరైపోతే దారి తెరుచుకున్నట్టే, బొద్దింకలన్నీ ఇంట్లోకే. వెళ్ళేరోజు ఆఖరున ఒక చెంబు నీళ్ళు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె వేయండి. నూనె తేలి నీటిని కప్పి ఉంచుతుంది. నీళ్ళ ట్యాంకు ఖాళీ చేసి మూత పెట్టండి, బిందెలు, బకెట్లు అన్నీ బోర్లించండి. రోలు బోర్లించలేరు కాబట్టి దాంట్లో ఇసుక నింపండి.

బట్టల బీరువా గోడకు జానెడు దూరం జరిపి, కాళ్ళ కింద పలకరాళ్ళు పెట్టండి. పట్టుచీరలు మాత్రం బీరువాలో వదలొద్దు, వెంట తీసుకెళ్ళండి, లేదా పొడి ఊళ్ళో ఉన్న బంధువుల ఇంట్లో పెట్టండి. మిగతా బట్టల మధ్య కలరా ఉండలు, ఎండు వేపాకు వేస్తే పురుగు పట్టదు. చెమ్మను మాత్రం అవి ఆపలేవు. పరుపులు చుట్టి మంచం మీద నిలబెట్టండి, నేలమీద వద్దు. తాళంకప్పలు ఇనపవి వద్దు, ఇత్తడివి కొనండి. రంధ్రంలో కొబ్బరినూనె పోస్తారు చాలామంది. అది కొన్నాళ్ళకు జిగురెక్కి దుమ్ము పడుతుంది. యంత్రాల నూనె రెండు చుక్కలు వేసి, పైన సైకిలు ట్యూబు ముక్క తొడుగులా కట్టండి. గడియలకు, బందులకు గ్రీజు.

వలలు, పడవ గురించి మీరు అడగలేదు గానీ అదే మీ కూడు. వలలను మంచినీళ్ళలో జాడించి, నీడలో ఆరబెట్టి, దూలానికి వేలాడదీయండి. కుప్పగా పోస్తే చేప వాసనకు ఎలుక కొరుకుతుంది. ఇంజను ఉంటే మంచినీళ్ళతో కడిగి, ఇంధనం పూర్తిగా తీసేయండి. ఫైబరు పడవ అయితే ఒడ్డుకు దూరంగా లాగి, దుంగల మీద బోర్లించి, రెండుచోట్ల కట్టేయవచ్చు. చెక్క పడవను అలా చేయకూడదు. ఎండలో ఆరితే పలకలు ముడుచుకుని అతుకులు విచ్చుకుంటాయి, మళ్ళీ నీళ్ళలో దింపితే జల్లెడే. దాన్ని నమ్మకమైన వాళ్ళకు వాటాకు ఇచ్చి వాడించండి, పడవా బతుకుతుంది, నెలకు నాలుగు డబ్బులూ వస్తాయి. మీ ఊరి కట్టుబాటులో వేట వంతులుంటే, మీ వంతు ఎవరికి ఇస్తున్నారో పెద్దల ముందు చెప్పి వెళ్ళండి. చెప్పకుండా వెళ్ళిన వంతు తిరిగి అడగడం కష్టం. మేకలుంటే సగపాలుకు ఇచ్చేయండి.

తాళంచెవి ఎవరికి ఇవ్వాలన్నదాని మీద నాది కొంచెం మొండి అభిప్రాయం. అన్నదమ్ములకు ఇవ్వకండి. వాళ్ళు మంచివాళ్ళు కాదని కాదు. సొంతవాళ్ళు "రేపు చూద్దాంలే" అంటారు, మనం గట్టిగా అడగలేం. మీ ఇంటికి అతి దగ్గరగా ఉండి, పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చే అలవాటున్న మనిషిని చూడండి. మా ఇంటికి అలాంటి ఒక పెద్దమ్మ దొరికింది. నెలకు ఇంత అని మాట్లాడుకుని ఇచ్చేవాళ్ళం. తీసుకోనని చాలాసార్లు అంది. ఇచ్చాం కాబట్టే ఫోను చేసి "ఈ వారం తెరిచావా పెద్దమ్మా" అని మొహమాటం లేకుండా అడగగలిగాం.

మీరు పెట్టుకునే మనిషికి చెప్పాల్సింది ఇంతే. వారానికోసారి, వాన లేని రోజున, పదింటి నుంచి పన్నెండింటి దాకా కిటికీలు, తలుపులు తెరవాలి. సాయంత్రం తెరిస్తే చెమ్మగాలి లోపలికొస్తుంది, ఉన్నదానికంటే చేటు. వానపడ్డ మర్నాడు ఎవరైనా కుర్రాణ్ణి మిద్దె ఎక్కించి తూము చూపించాలి. నెలకోసారి మరుగుదొడ్డిలో చెంబుడు నీళ్ళు, చెంచా నూనె. దేవుడి దగ్గర దీపం కూడా పెట్టమని చెప్పండి అంటోంది నా భార్య. ఆమె లెక్క వేరు. నా లెక్కలో, తలుపు తీయమంటే బద్ధకించేవాళ్ళు కూడా దీపం పెట్టమంటే శుక్రవారం తప్పరు. కాకపోతే దీపం కొండెక్కేదాకా అక్కడే ఉండి ఆ తర్వాతే తాళం వేయమనండి. తులసి కుండీని ఆ మనిషి వాకిట్లోకే మార్చేయండి. ఒక గదికి వేరే తాళం వేసి, ముఖ్యమైనవి అందులో పెట్టి, ఆ తాళంచెవి మీరే ఉంచుకోండి. ఆ గది కిటికీ మాత్రం బయటి నుంచి తెరిచే వీలుండాలి, చువ్వలున్నాయి కాబట్టి భయం లేదు.

తిరుపతిలో ఇల్లు చూసుకోవడానికి ముందుగా ఒక్కరే రండి. బ్రహ్మోత్సవాల రోజుల్లో రాకండి, లాడ్జి గది కూడా దొరకదు. శ్రీనివాసం, విష్ణునివాసం లాంటి వసతి భవనాలు యాత్రికుల కోసం, నెలల తరబడి ఉండటానికి కాదు. స్విమ్స్ అలిపిరి దారిలో ఉంది. ఆ చుట్టుపక్కల అద్దె ఎక్కువ. అయినా రేడియేషన్ మొదలయ్యాక వారానికి ఐదు రోజులు వెళ్ళాలి, అప్పుడు రోజూ ఆటోకు పెట్టేది, అలసట లెక్కేసుకుంటే దగ్గర్లో తీసుకోవడమే నయం. కింది అంతస్తు, పడమటి దొడ్డి, ఇవేవీ చూడకండి, మెట్లు లేకుండా, మరుగుదొడ్డి ఇంట్లోనే ఉందో లేదో చూడండి. మేము రెండో అంతస్తులో తీసుకుని నాలుగో నెలలో ఖాళీ చేశాం. కింది అంతస్తు చూడొద్దన్నావేమిటి అని పక్కనుంచి నా భార్య అంటోంది. నిజమే, కింది అంతస్తే చూడండి, వాస్తు చూడకండి అని నా ఉద్దేశం. ఎన్టీఆర్ వైద్య సేవ (ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) కింద చికిత్సకు ఆసుపత్రిలోనే ప్రత్యేకంగా ఒక బల్ల ఉంటుంది, మొదటి రోజే అక్కడ కార్డు చూపించి అడగండి.

ఇంకో జాగ్రత్త, ఇది మాకు నర్సమ్మ గట్టిగా చెప్పింది. కీమో మామూలుగా మూడు వారాలకోసారి ఇస్తారు. మధ్యలో ఖాళీ ఉంది కదా, అమ్మను ఓసారి ఇంటికి తీసుకెళ్దామనిపిస్తుంది. ఆవిడా అడుగుతుంది. మందెక్కాక ఒక వారం నుంచి రెండు వారాల మధ్య రక్తంలో తెల్లకణాలు బాగా తగ్గుతాయి. ఆ రోజుల్లో జ్వరం వస్తే గంటల్లో ఆసుపత్రికి చేరాలి. రాత్రి పదింటికి దీవిలో జ్వరం వస్తే ఏం చేస్తారు? అమ్మగారిని మాత్రం డాక్టరు సరేననేదాకా సరస్సు దాటించకండి. మీరు వెళ్ళి రండి, ఇల్లు వీడియో తీసి ఆవిడకు చూపించండి. వంటిల్లు, తులసి కుండీ, వాకిలి. నా భార్య మూడుసార్లు చూసేది, ప్రతిసారీ పెద్దమ్మ ముగ్గు సరిగా వేయలేదని తప్పు పట్టేది.

ఇప్పుడు నాన్నగారి సంగతి. "రాను, ఇల్లు నేను చూసుకుంటా" అంటున్నారని రాశారు. వారానికోసారి తెరిచే మనిషి కావాలని ఇంతసేపు నేనే చెప్పాను కదా, ఆయన ఉంటే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. సంక్రాంతి తర్వాతైతే నేనూ సరే అంటాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం ఒంటరిగా వదలొద్దు.

1984 నవంబరులో శ్రీహరికోట ప్రాంతంలో తుపాను తీరం దాటింది. నాకప్పుడు పదిహేడేళ్ళు. మా నాన్న ఇల్లు వదిలి రానని కూర్చున్నాడు. మా అమ్మ, మేము ముగ్గురం ఊళ్ళో గట్టి మిద్దె ఉన్న ఇంటికి వెళ్ళాం. తెల్లారి వచ్చి చూస్తే కప్పు లేదు. మా నాన్న గోడ మూల, వడ్లు పోసుకునే గాబును తల మీద బోర్లించుకుని కూర్చుని ఉన్నాడు. దెబ్బలేమీ తగల్లేదు. కానీ ఆ రాత్రి గురించి చనిపోయేదాకా ఒక్క మాట చెప్పలేదు. గాలి చప్పుడు పెరిగితే మాత్రం లేచి కూర్చునేవాడు.

మీ నాన్నగారికి "ఇక్కడ ఒక్కడివే ఎలా ఉంటావు" అని చెబితే వినరు, మా నాన్న వినలేదు. ఆయనకు పని అప్పగించండి. మిద్దె తూములు, పడవ వాటా లెక్క, తాళంచెవి మనిషికి నెల జీతం, పింఛను, ఇవన్నీ ఆయనవి. నెలకోసారి, వాతావరణం బాగున్నప్పుడు మీతో పాటు దీవికి వచ్చి రెండు రోజులుండి చూసుకుంటారు. సంక్రాంతి దాటాక, అమ్మగారి కీమో ఒక దారిలో పడ్డాక, ఆయన ముందుగా వెళ్ళి ఇల్లు తెరిచి ఆరబెట్టి ఉంచితే మీ అందరికీ పని తగ్గుతుంది. ఆ మాట ఇప్పుడే చెప్పండి. జనవరిలో తిరిగి పంపిస్తామని తేదీతో సహా చెప్పండి. తేదీ తెలిస్తే అక్టోబరులో పడవ ఎక్కుతారు.

స్లాబు లోపలి వైపు ఇప్పటికే ఎక్కడైనా గోధుమరంగు చారలు కనిపిస్తుంటే వెళ్ళేముందు ఫోటో తీసి పెట్టండి. చువ్వ వరకు వచ్చిందా, పైపైనేనా అన్నది ఫోటో చూస్తే కొంతవరకు చెప్పగలను.